శీనూ, నీ గిటారుకు పికప్‌లు మార్చాను

శీనూ,

ఎలా ఉన్నావురా? ఇక్కడ అందరం బాగానే ఉన్నామని మొదలుపెడదామనుకున్నాను. నీకు అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. ఎండల్లో పోయావు. వానలు వచ్చి వెళ్ళాయి. ఇప్పుడు కాలనీలో పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల సిగ్డీ పొగ, మఫ్లర్లు, దగ్గులు.

వెధవా, కామెర్లకి ఎవడైనా చచ్చిపోతాడా? పసరు మందుకే తగ్గిపోతుందని మా అమ్మ కూడా అంది. పండరీ బట్టల బజారుకి వెళ్ళి బ్యాండు నలుగురికీ నల్ల చొక్కాల గుడ్డ తెద్దామని ఆదివారానికి అనుకున్నాం. ఆ ఆదివారానికి నువ్వు లేవు. చొక్కాలు కుట్టించుకోలేదులే... ఎవడికి మనసొప్పుతుంది?

సరే, అసలు సంగతి. తిట్టుకుంటే తిట్టుకో. నీ గిటారుకు పికప్‌లు మార్చాను.

నీ కర్మకాండలు అయిపోయాక మీ అమ్మ, అదే మా పిన్ని, నన్ను పిలిచి గిటారు నా ఒళ్ళో పెట్టింది. బీరువా మీద పడుకోబెట్టి రోజూ దాని మొహం చూడలేనురా బాబీ, నువ్వు వాయించుకో అంది. బాబాయి పక్కనే ఉన్నాడు. గిటారు గుడ్డ సంచి జిప్పు సగంలో ఆగిపోతే, వచ్చి తనే లాగి పెట్టాడు.

ఎంత బరువురా బాబూ అది! కలకత్తాలో ఎవరో వాడి వదిలేసిన గిటారు కొని, హౌరా బండిలో పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చావు. దిట్టమైన కర్ర. దాని గొంతూ అంతే. లావుగా, మసగ్గా, గొంగళి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. జావేద్ డ్రమ్స్ మీద పడి, మనోజ్ బేస్ కొడుతూ అరవడం మొదలెడితే నీ గిటారు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది. ట్రెబుల్ పెంచరా నాయనా అని ఎన్నిసార్లు కాళ్ళా వేళ్ళా పడ్డాం? నువ్వు ఒక్కటే మాట... "చెవికి కాదురా బాబీ, పొట్టకి వినపడాలి."

అదో స్టైల్ అనుకున్నాం. పెద్ద పోజుగాడివి కదా నువ్వు.

అప్పుడు నా చవక గిటారు పైన కీచుమంటూ ఉండేది కాబట్టి నీది కింద గుర్రుమన్నా బండి నడిచింది. ఇప్పుడు ఉన్నది ఒక్క గిటారు. కొత్త సంవత్సరానికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ప్రోగ్రాం ఉందని, నీ పేరు మీద మూడు పాటలు వాయిద్దామని జావేద్ అన్నాడు. నీ గిటారుతోనే వాయించాలని ముగ్గురం పట్టుబట్టాం. తీరా వాయిస్తే అంతా బురద. నీ గుర్తుగా వాయించే గిటారు ఎవరికీ వినపడకపోతే ఇంకెందుకురా?

అందుకే పికప్‌లు మార్చాలనుకున్నాను. పిన్నికి చెప్పకుండా దాని ఒంటి మీద స్క్రూడ్రైవర్ పెట్టబుద్ధి కాలేదు. పికప్ అంటే ఏమిటని అడిగింది. తీగల కింద ఉండే రెండు డబ్బీలు పిన్నీ, లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ, పైన తీగ ఊగితే ఆ ఊపును పట్టి ఆంప్లిఫయర్‌కి పంపేవి అవే అన్నాను. "అయితే వాడి గొంతు మార్చేస్తావన్నమాట" అంది. మార్చడం కాదు, కాస్త సవరించడం అన్నాను. ఇంకేదో అనబోయి మానేసి, లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

గిటారు మోసుకుని, నువ్వు దాన్ని కొన్న కొట్టుకే కలకత్తా వెళ్ళాను. నీ ఫ్రెండునని చెప్పలేదు. చెబితే నువ్వెలా ఉన్నావని అడుగుతారు. హెవీ మ్యూజిక్‌కి అన్నిటికంటే గట్టిగా అరిచే పికప్ కావాలి కదా అని, ముందు అలాంటిదే అడిగి తగిలించి చూశాను. తీగ చుట్లు దట్టంగా ఉన్న రకం. ఛీ... బురదలో ఇంకో తట్ట బురద పోసినట్టైంది. అప్పుడు బుర్ర వెలిగింది. కర్రే ఇంత లావు గొంతుతో పుట్టినప్పుడు పికప్ కూడా లావుదైతే ఎలా? చుట్లు తక్కువగా, అయస్కాంతం గట్టిగా ఉన్నది అడిగాను. అది తగిలించి మన మొదటి పాట ఎత్తుకున్నాను. కింది స్వరం బిగిసింది, పై స్వరం విచ్చుకుంది. ఒక్కో తీగా విడివిడిగా వినపడింది. నువ్వు వాయించిన ముక్కలే, నేను ఎన్నడూ సరిగ్గా విననివి. కొట్టులో కూర్చుని ఏడ్చేశానురా. కొట్టాయన నాకు నచ్చలేదనుకుని ఇంకోటి తెచ్చాడు.

అలాంటివే రెండు కొని, ఇంటికొచ్చి నేనే బిగించాను. నీ పాతవి తీసి, పాత బనియను గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాను. జావేద్ విని, ఇన్నాళ్ళకి గిటారు నోరు విప్పింది యార్ అన్నాడు. మనోజ్ అయితే నన్ను ఎత్తి తిప్పాడు.

ప్రోగ్రాంకి ముందు ఒకసారి మా ఇంట్లో వాయించండ్రా అని పిన్ని అడిగింది. నువ్వు పోయాక మీ ముందుగదిలో వాయించలేదు మేము. వెళ్ళాం. బాబాయి ఈ మధ్యే రిటైరయ్యాడు, ఇంట్లోనే ఉన్నాడు. ఎప్పట్లాగే ఆంప్లిఫయర్ పక్కన ఇనప్పెట్టె మీద కూర్చున్నాడు. వాల్యూమ్ పెంచకుండా కాపలా కాస్తున్నాడని మనం నవ్వుకునేవాళ్ళం, గుర్తుందా?

మొదటి పాట వాయించాం. బాగా వచ్చింది. రెండోదీ వాయించాం. బాబాయి నా వేళ్ళకేసి చూస్తున్నాడు, జావేద్ కేసి చూస్తున్నాడు, మళ్ళీ నా కేసి. పాట అయ్యాక అన్నాడు...

"ఏటిరా బాబీ, వేళ్ళు ఆడిస్తన్నావు గానీ వాయించవేటి? జావేద్ బాజా ఇనిపిస్తంది. మన శీనుగాడి గిటారు సురూ చెయ్యవా?"

వేళాకోళం అనుకుని నవ్వాను. బాబాయి నవ్వలేదు. వాల్యూమ్ ఇంకా పెంచి తీగ లాగాను. మనోజ్ చెవులు మూసుకున్నాడు. బాబాయి మాత్రం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. బాబాయివి బతుకంతా వ్యాగన్ల కార్ఖానాలో రివెట్ల మోతలో నిలబడ్డ చెవులు. ముందు సన్నని శబ్దాలు పోయాయట. కుక్కరు కూత, సైకిల్ బెల్లు... ఆ తర్వాత పిన్ని గొంతు. లావు శబ్దాలే మిగిలాయి. మెడికల్ పరీక్షలో తెలిస్తే పనిలోంచి తప్పించి ఓ మూల కూర్చోబెడతారని బాబాయి భయం. రిటైరయ్యే దాకా కాలనీలో ఒక్క ప్రాణికి చెప్పొద్దని పిన్ని చేతా, నీ చేతా ఒట్టు వేయించుకున్నాడట. ఎదుటివాళ్ళ మొహం చూసి, పెదాలు చూసి నెట్టుకొచ్చేశాడు. మేమెవరమూ పసిగట్టలేదు.

గిటారు తెచ్చిన రోజు నువ్వు సన్నని స్వరాన్ని తగ్గించే టోన్ నాబ్ తిప్పుతూ బాబాయి కాళ్ళకేసే చూశావట. తగ్గించి, తగ్గించి, ఎక్కడ ఆయన మడమ తాళం వేసిందో అక్కడ ఆపేశావట. ఆ తర్వాత ఎవరెంత మొత్తుకున్నా దాన్ని కదల్చలేదు.

ఎందుకు చెప్పలేదురా? నాకైనా? ఒట్టంటే ఒట్టేనా నీకు? ఆ గది మధ్యలో నిలబడి మనోజ్ నిన్ను చెవిటి మాలోకం అన్నాడు కదా ఒకసారి. నువ్వు నవ్వి ఊరుకున్నావు. బాబాయి కూడా నవ్వాడు, ఏదో జోకనుకుని. అప్పుడు నీ లోపల ఎలా ఉందిరా?

పిన్ని ఇంకో మాట కూడా చెప్పింది. ఇది రాయాలా వద్దా అని పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆఖరి రోజుల్లో నీ గొంతు సన్నబడిపోయింది కదా. బాబాయి చెయ్యి పట్టుకుని నువ్వేదో చెప్పావట. బాబాయి నీ నోటి దగ్గర చెవి పెట్టి ఊఁ, ఊఁ అన్నాడట. ఏమీ వినపడలేదట. నీ పెదాలు ఎండిపోయి ఉన్నాయి, చదవడానికీ రాలేదు. ఏమన్నాడే, ఏమన్నాడే అని ఇప్పటికీ పిన్నిని అడుగుతున్నాడు. పిన్ని అప్పుడు మందుల కోసం బయటికెళ్ళింది.

ఏమన్నావురా?

ఇంటికొచ్చి సొరుగు తీశాను. నా తిక్క నీకు తెలుసుగా, కొత్తవి రెండూ పీకేసి కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. కానీ హాల్లో నీ గిటారు అందరికీ వినపడాలన్నదీ నిజమే కదా. అందుకని కింద తీగలు ముడిపడే బ్రిడ్జి దగ్గర కొత్తదే ఉంచి, మెడ దగ్గర నీ పాత డబ్బీ మళ్ళీ పెట్టాను. మధ్యలో, ఏది కావాలంటే అది పలికించే స్విచ్ ఉండనే ఉంది. మనోజ్ చూసి, పాగల్ అయ్యావా, ఆ బురద మళ్ళీ ఎందుకు అని ఎగిరాడు. నీ ఒట్టు గడువు తీరినా పిన్ని ఇంకా ఎవరికీ చెప్పొద్దంది, బాబాయికి నామోషీ అని. అందుకని మనోజ్‌కి, నా ఇష్టం పోరా అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు వాడు.

ప్రోగ్రాం రోజు హాలు నిండిపోయింది. నీ పేరు చెప్పగానే ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. బాబాయి, పిన్ని ముందు వరుసలో స్పీకరుకి ఎదురుగా కూర్చున్నారు. రెండు పాటలు కొత్త పికప్ మీద వాయించాం. కుర్రాళ్ళు ఈలలు వేశారు. బాబాయి చేతులు కట్టుకుని, మర్యాదకి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

మూడోది మొదలెట్టే ముందు స్విచ్ మార్చాను. టోన్ నాబ్ పూర్తిగా దించేశాను. మనోజ్ నా కేసి చంపేసేలా చూశాడు. హాలంతా గుయ్యిమంది. పాట పోల్చుకోలేక వెనక వరుసల్లో ఇద్దరు ముగ్గురు టీకి లేచారు. లేవనీ.

బాబాయి కట్టుకున్న చేతులు విడిపోయాయి. ముందుకు వంగాడు. కళ్ళు మూసుకున్నాడు. చెవి వినపడనివాళ్ళు తమ గొంతు ఎంత పెద్దదో తెలియకుండా అరుస్తారు చూడు, అలా పిన్నితో గట్టిగా అన్నాడు. స్టేజి మీద మా ముగ్గురికీ వినపడింది.

"ఒసే, మన శీను వాయిస్తన్నాడే!"

మనోజ్ పాట ఆపేశాడు. జావేద్ ఆపలేదు, నేనూ ఆపలేదు. ఆపితే బాబాయికి నువ్వు మళ్ళీ వెళ్ళిపోతావు. పాట అయిపోయినా అదే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తూనే ఉన్నాను. వేళ్ళు కోసుకుపోయాయి. కర్టెన్ వేసేశారు.

కిందికి దిగాక బాబాయి నా రెండు భుజాలూ పట్టుకుని, "ఇన్నావా? ఆడే కదా? ఆడే కదరా?" అని అడిగాడు. ఆయన నా పెదాలకేసి చూస్తున్నాడు.

ఆయన చదవగలిగేలా, నోరంతా తెరిచి, వాడే బాబాయ్ అన్నాను. ఎప్పుడడిగినా అదే అంటానురా.

నీ
బాబీ