ఒకటి నుంచి ఇరవై దాకా

ప్రియమైన అక్కకి,

తిడతావని తెలిసే రాస్తున్నాను. కాగితం లేకుండా వచ్చిన కెమెరాని నువ్వు ముట్టుకోవు కదా, సొంత తమ్ముడిదైనా సరే. "ఎలా పడింది, ఎంత ఎత్తు నుంచి పడింది, దేని మీద పడింది, అబద్ధాలు రాయకుండా రాయండి" అని నీ రిపేరు కొట్టు తలుపు మీద అంటించి పెట్టావు. అందుకే అన్నీ వరసగా రాస్తున్నా.

స్టాండుతో సహా పడింది. ఛాతీ ఎత్తు నుంచి, స్టూడియో గచ్చు మీద. కెమెరాకి కన్ను ఆనించి ఎడమ పక్కకి ఒక అడుగు జరిగాను, లైటు స్టాండు కాలికి తగిలింది. అది వచ్చి కెమెరా మీద పడింది. నీ మరదలు "పట్టపగలు అంత పొడుగు స్టాండు కనపడలేదా" అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగేసింది. పైమూల సొట్టపోయింది, లెన్సు ముందు గాజు పగిలింది. ఆ లెన్సు తీసేసి పాతది తగిలించుకుని పని నడిపిస్తున్నాను.

అసలు బాధ అది కాదు. పడ్డ దగ్గర్నుంచీ, కన్ను ఆనించి చూసే ఆ వ్యూఫైండర్ అబద్ధం చెబుతోంది. నర్సుల బ్యాచ్ ఫోటో తీశాను, ఇరవై నాలుగు మంది. నేను చూసినప్పుడు అందరూ ఉన్నారు. ప్రింటు వచ్చాక చూస్తే ఎడమ చివర నిలబడ్డ అమ్మాయికి ఒకటే భుజం. పాపం ఆ అమ్మాయి ఫోటో చూసి చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

బాగు చేస్తే పనికొస్తుందా, కొత్తది కొనేయమంటావా? నువ్వేమంటే అది.

నీ
తమ్ముడు

*

ఒరే చిన్నోడా,

అక్క దీవెనలు. నీ డబ్బా అందింది. కెమెరాని మాసిన చొక్కాలో చుట్టి పంపిన మొదటి ఫోటోగ్రాఫర్‌వి నువ్వే. చొక్కా ఉతికి ఇందులోనే పెట్టాను, దానికీ నాకూ ఏ సంబంధమూ లేదని నలుగురికీ చెప్పుకున్నాను.

సొట్ట తీశాను. లెన్సు గాజు మార్చాను. వ్యూఫైండర్ మొత్తం విప్పి అద్దం, గాజుదిమ్మ అన్నీ చూశాను. ఏదీ వెంట్రుకవాసి కూడా జరగలేదు. నాలుగు రోజులు పట్టింది. ఈ మధ్య ట్రేలో ఎడమ పక్కన పెట్టిన స్క్రూలు కాళ్ళొచ్చినట్టు మాయమైపోతున్నాయి, సగం పొద్దు వాటిని వెతుక్కోవడంతోనే సరిపోతోంది. వెనక మూత మీద, వ్యూఫైండర్‌కి ఎడమగా, నీ ముక్కు జిడ్డు ఏళ్ళ తరబడి పేరుకుంది. స్పిరిట్ పెట్టి తుడిచాను. ఇక నుంచైనా మొహం కడుక్కుని ఫోటోలు తియ్యి.

నీ అనుమానం తీరాలి కాబట్టి పరీక్ష కూడా చేశాను. నా గోడ మీద అంకెల పట్టీ ఉంది చూడు, ఒకటి నుంచి ఇరవై దాకా. ఇరవై కుడి అంచుకి ఆనేలా చూసుకుని తీశాను. అన్నీ వచ్చాయి. ప్రింటు మధ్యలో భూతద్దం పెట్టి చూశాను, గీత గీతలాగే ఉంది. కవర్లో పెట్టాను, నువ్వూ చూసుకో.

కెమెరా బాగుంది. కొత్తది కొంటానన్నావంటే చెవులు పిండుతాను. నలభై ఏళ్ళు దాటినా నీ చెవులు నాకు అందుబాటులోనే ఉన్నాయి.

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

కోపగించుకోకు. కెమెరా మళ్ళీ పంపుతున్నాను, ఈసారి తువ్వాల్లో.

స్కూలు వాళ్ళ వార్షిక ఫోటో తీశాను. ఏడు వరసలు. ప్రింటులో ఎడమ పక్క ఏడుగురు పిల్లలు గల్లంతు, గేమ్స్ మాస్టారు సగమే ఉన్నాడు. ఆయన అసలే సన్నం, సగం పోతే ఇంకేం మిగులుతుంది. హెడ్‌మిస్ట్రెస్ నన్ను నిలబెట్టి, క్లాసులో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది. పదహారేళ్ళుగా ఆ స్కూలు పని నాదే. వచ్చే ఏడాది నుంచి వేరేవాళ్ళని పిలుస్తామంది. అది పోతే మిగతా స్కూళ్ళూ దాని వెనకే పోతాయి. మా ఇల్లు నడిచేది వాటి మీదే అని నీకు తెలుసు.

నీ పరీక్షలు నువ్వు చేశావు, కాదనను. కానీ వ్యూఫైండర్ నాకు చెప్పిన మాట ఒకటి, ఫోటోలో వచ్చింది ఒకటి. కాబట్టి ఒక్క సాయం చెయ్యి. "వ్యూఫైండర్ దెబ్బతింది, బాగయ్యేది కాదు, మార్చుకోవాలి" అని నీ కొట్టు ముద్ర వేసి ఒక చీటీ రాసివ్వు. అది చూపించి, కొత్త కెమెరా కొని, ఆ ఫోటో మళ్ళీ ఉత్తినే తీసిస్తాను. ఆవిడ ఒప్పుకుంటుంది.

నాన్నకి కూడా రాసిచ్చావుగా. మూడు కెమెరాలు వరసగా పాడైపోతే మూడుసార్లూ నువ్వే రాసిచ్చావు. మనింటికి కెమెరాలు అచ్చిరావేమో. ఆయనకి రాసిన చెయ్యే కదా, నాకూ రాయి.

నీ
తమ్ముడు

*

చిన్నోడా,

నీ కెమెరా బల్ల మీద పెట్టుకుని మూడు రోజులు చూశాను. విప్పలేదు. విప్పాల్సింది అందులో ఏమీ లేదు.

ఒకటి అడుగుతాను, అబద్ధం రాయకు. పోయినసారి జిడ్డు వ్యూఫైండర్‌కి ఎడమ పక్కన ఉందన్నాను, గుర్తుందా? కుడికన్ను ఆనించేవాళ్ళ ముక్కు అక్కడే తగులుతుంది. నీకు ఇరవై ఏళ్ళ నుంచీ కుడికన్ను అలవాటు. నేను శుభ్రంగా తుడిచి పంపాను. ఇప్పుడు వచ్చిన కెమెరాకి జిడ్డు కుడి పక్కన ఉంది. ఎడమ పక్కన ఒక్క పల్చటి మరక తప్ప ఏమీ లేదు.

ఎడమకన్నుకి ఎప్పుడు మారావురా? ఎందుకు మారావు?

కెమెరాలో ఏ తప్పూ లేదని నీకూ తెలిసింది. స్కూలు ఫోటో కుడికన్నుతో తీశావు, అది చూశాక కన్ను మార్చావు. అవునా కాదా? నేను చీటీ రాయను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. రేపే వెళ్ళు.

అక్క

*

అక్కా,

కెమెరా తిరిగి పంపించు.

తమ్ముడు అడిగితే ఒక్క చీటీ రాయడానికి చెయ్యి రాలేదు, ముక్కు జిడ్డు చూసి జాతకం చెప్పడానికి మాత్రం వచ్చింది. నా కళ్ళకేం కాలేదు. సూదిలో దారం ఎక్కిస్తాను, పేపర్లో సన్నక్షరాలు చదువుతాను. ఎడమకన్ను పెడితే మెడ నొప్పి తక్కువగా ఉంది, అందుకు మార్చాను.

నన్ను నాన్నతో పోల్చాలని చూడకు. ఆయన సంగతి వేరు.

తమ్ముడు

*

నాన్నా చిన్నోడా,

నీ ఉత్తరంలో నేను అనని మాట ఒకటి ఉంది. నాన్నతో పోల్చానని నేనెక్కడా రాయలేదు. అది నీ లోపల ఉంది.

ఇప్పుడు నేను రాసేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

నాన్న మూడు కెమెరాలూ నా బీరువాలోనే ఉన్నాయి. మూడూ విప్పి చూశాను, అప్పుడే, ఆయన ఉండగానే. ఒక్కదాంట్లోనూ ఏ లోపమూ లేదు. మొదటిది తెచ్చినప్పుడు, "నీ చేత్తో రాస్తే ఊళ్ళో నమ్ముతారు తల్లీ, కెమెరా పాడైందని రాసివ్వు" అన్నాడు. పెళ్ళి ఫోటోల్లో మనుషులు తెగిపోతున్నారని జనం గొడవ చేస్తున్నారు. ఆయన అలా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. జాలేసి రాశాను. రెండోసారి సిగ్గేసి రాశాను. మూడోసారికి ఆయన తలుపు వెతుక్కుంటూ లోపలికొచ్చాడు. అప్పుడూ రాశాను.

చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అన్న మాట నాకు నిద్రలో కూడా వినపడుతుంది. రెండేళ్ళ ముందు వచ్చుంటే చూపు నిలబెట్టేవాళ్ళం అన్నాడు. ఆ రెండేళ్ళూ నా చీటీలు మింగేశాయి. నాన్న గోడ పట్టుకుని నడిచిన రోజులన్నీ నేనే రాసిచ్చాను, కొట్టు ముద్ర వేసి మరీ. ఆయన సంగతి వేరు కాదురా. ఆయనా పేపరు చదివేవాడు. మధ్యలో చూపు ఆఖరి దాకా బాగానే ఉంటుందట, అంచుల నుంచి తినుకుంటూ వస్తుందట. రెండు కళ్ళూ తెరిస్తే ఒకదాని లోటు ఇంకొకటి కప్పేస్తుందట. అందుకే మనిషికి తెలియదు. నీకు తెలిసిందంటే ఒంటికన్నుతో చూసే పని కాబట్టి తెలిసింది.

నాలుగో చీటీ నేను రాయను. నువ్వు జన్మలో నాతో మాట్లాడకపోయినా రాయను. కెమెరా ఇందులోనే ఉంది. దాన్ని నీ మరదలికి, అంటే నా మరదలికి, చూశావా ఎలా తడబడుతున్నానో, ఆ పిల్లకి ఇచ్చి ఒక ఫోటో తీయించు. అందరూ వస్తే అప్పుడైనా వెళ్ళు.

నీ కాళ్ళు పట్టుకుంటాను.

అక్క

*

ప్రియమైన అక్కకి,

ఇరవై రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నందుకు క్షమించు. మొదటి వారం నీ మీద కోపం. రెండో వారం భయం. కోపంగా ఉన్నప్పుడే హాయిగా ఉంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. స్టూడియో ముందు పక్కింటివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, నీ మరదలి చేత తీయించాను. ఎడమ చివర టైలరు, కుడి చివర ఆయన భార్య, మధ్యలో పదకొండు మంది. అందరూ వచ్చారు, టైలరు మోచేతితో సహా. ప్రింటు చూసి నీ మరదలు చెప్పులు వేసుకుని బయట నిలబడింది. నేనూ వేసుకున్నాను.

ఆసుపత్రిలో ఒక పెద్ద గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, ఎడమకన్ను మూసి, వెలుగు చుక్క కనపడ్డప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. తర్వాత చుక్కలు రావడం మానేశాయి. యంత్రం చెడిపోయిందేమో, నాకు ఎక్కడికెళ్ళినా ఇదే గొడవ అనుకుంటూ కూర్చున్నాను. నీ మరదలు పక్కనే నిలబడి చూస్తోంది. చుక్కలు ఆగకుండా వస్తూనే ఉన్నాయట. బయటికొచ్చాక చెప్పి ఏడ్చింది.

నాన్నకి వచ్చిందే. కుడికంట్లో ముక్కు వైపు సగం దాకా పోయింది. ఎడమకన్ను ఇంకా బాగుంది. నిన్ను అడిగిన ప్రశ్నే డాక్టర్నీ అడిగాను, బాగు చేస్తారా, మారుస్తారా అని. రెండూ కుదరవన్నాడు. పోయింది పోయినట్టే, రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది అన్నాడు. వేసుకుంటున్నాను. హెడ్‌మిస్ట్రెస్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆ ఫోటో నీ మరదలు మళ్ళీ తీస్తోంది, నేను పిల్లల్ని నిలబెడుతున్నాను. నాన్న విషయంలో నిన్ను ఏమీ అనను. అప్పుడు నీకు పాతికేళ్ళు. అడిగింది ఆయన.

ఇంక అసలు సంగతి. ఇది రాయడానికే రెండు రోజుల్నుంచి కూర్చుంటున్నాను.

డాక్టరు, నాన్నకి కాక ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. తెలియదన్నాను. ఇంటికొచ్చాక నీ మొదటి ఉత్తరంతో వచ్చిన ఫోటో కవరు తీశాను, కెమెరా బాగుందన్నావని అప్పుడు సంచిలో పడేసి విప్పనేలేదు. అందులో నువ్వు తీసిన అంకెల పట్టీ ఫోటో ఉంది. నేను చూసి, నమ్మకం లేక నీ మరదలికి ఇచ్చాను. తను వేలు పెట్టి లెక్కపెట్టింది. అదే కెమెరాతో తన ఫోటోలో టైలరు మోచెయ్యి కూడా వచ్చింది అక్కా. నీ ఫోటోలో ఒకటి, రెండు, మూడు లేవు. పట్టీ నాలుగు దగ్గర మొదలైంది.

నువ్వు మధ్యలో భూతద్దం పెట్టి చూశావు. అంచులు చూడలేదు. స్క్రూలు కూడా నీకు ఎడమ పక్కనే పోతున్నాయి.

గురువారం పొద్దున్న బండికి వస్తున్నాను. డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. కొట్టుకి తాళం వేసి సిద్ధంగా ఉండు. ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది, అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకో. అబద్ధాలు రాయకు.

నీ
తమ్ముడు