బాబాయికి మందు పంపలేను

పిన్నీ,

బాబాయి మతిమరుపు, పిరికితనం రెండూ వదలాలని, మా ల్యాబులో ఎలుకలకిచ్చే, జ్ఞాపకశక్తి పెంచి భయం తగ్గించే మందు కాస్త పంపమన్నావు. పంపను. కోప్పడకుండా చదువు.

సగం ఎలుకలకి ఆ మందు, మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్లు, అన్నిటికీ సూది వేసింది నేనే. పరీక్షకి ఎత్తులో రెండు పలకలు పెడతాం, ఒకదానికి గోడలుంటాయి, ఇంకోదానికి ఉండవు; భయం తగ్గిన ఎలుక గోడల్లేని పలక మీదికి ధైర్యంగా రావాలి. ఉప్పునీళ్లవి రావడమే కాదు, నా చేతిలో కునుకు కూడా తీస్తున్నాయి. మందు పడ్డవి మాత్రం నన్ను చూడగానే గోడ చాటున నక్కుతున్నాయి. పొడిచింది ఎవరో వాటికి బాగా గుర్తుంది మరి! మా మేడం తల పట్టుకున్నారు.

ఇన్నేళ్లుగా నువ్వెన్ని తిట్టినా బాబాయి పొద్దున్నే నిన్ను నవ్వుతూ పలకరిస్తున్నాడంటే, అదంతా ఆ మతిమరుపు చలవే. దాని జోలికి పోకు.

నీ అక్క కూతురు