గేటు మీది రాత

దిల్‌సుఖ్‌నగర్, అక్టోబరు 2011

బాలమ్మక్కకు తమ్ముడు యెహెజ్కేలు వందనాలు. టీవీలో సమ్మె గొడవలు చూసి భయపడకు, మేం క్షేమమే.

రేపు డ్రైవరు ఉద్యోగం దిగిపోయాక కిరాయే మాకు పింఛను అవుతుందనుకుని పైన రెండు గదులు కట్టాను కదా. కోచింగ్‌కి వచ్చిన గుంటూరు పిల్లలు అందులో ఉండేవారు. మొన్న సమ్మె ఊపులో మన గేటు మీద నా చేత్తోనే 'జై తెలంగాణ' అని రాశాను. తెల్లారి పిల్లలు సంచులతో దిగొచ్చారు.

"గా రాత ఢిల్లీకి బాబూ, మీకు గాదు" అన్నాను.

"మాకు తెలుసండీ అంకుల్. మా అమ్మకెలా చెప్పమంటారు?" అన్నాడు పెద్దవాడు.

గదులకు తాళం పడింది. ఆ రాత చెరపడానికి చేయి రాదు. గదుల కోసం వచ్చినవాళ్లు అది చూసి మెట్లెక్కరు. వచ్చే మార్చిలో నేను రిటైరు.

నీ మోకాళ్లు ఎట్లున్నాయి? కందులు పంపకు, బస్సుల్లేవు. మేముండే కింది ఇల్లయితే చర్చివాళ్లు కిరాయికి తీసుకుంటామన్నారు. పై గదుల మెట్లు రోజూ ఎక్కడం మా వల్ల కాదు. రిటైరయ్యాక ఊరికొచ్చేస్తాం, నీ ముందర గది మాకిస్తావా? ఊరికే వద్దక్కా, కిరాయి ఇస్తాను.

బావకు వందనాలు, పిల్లలకు దీవెనలు. రాష్ట్రం రావాలని ప్రార్థన చెయ్యి. ఆ పిల్లలు తిరిగి రావాలని కూడా చెయ్యి. రెండూ ఒకే ప్రార్థనలో అడగొచ్చో లేదో నాకైతే తెలియడం లేదు.