ఎనిమిది మీటర్ల దూరంలో

నా బంగారు అక్కకి,

మీ మరిది, అదే మా ఆయన, కంటపడకూడదని గోదాము వెనక మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. నాకు భయంగా ఉందక్కా. ఓడరేవులో క్రేన్ నడపడం నేర్చుకుంటున్నానని విని నువ్వెంత మురిసిపోయావో తెలుసు. మీటలు తిప్పడం వచ్చేసింది. రానిది లెక్క. కొక్కెం ముందుకు చాచేకొద్దీ క్రేన్ మోయగల బరువు తగ్గుతుంది. మా క్రేన్‌కి టన్నుల్లో బరువునీ, మీటర్లలో దూరాన్నీ గుణిస్తే నూట ఇరవై దాటకూడదట. దాటితే బోర్లా పడుతుంది. మాకు పని నేర్పే మేస్త్రీ బోర్డు మీద x అని రాయగానే నా చెవుల్లో హోరు మొదలవుతుంది. అందరితో పాటు తలూపి వచ్చేస్తున్నాను.

ఇప్పుడు కింద గొలుసులు తగిలించే పనికి మీ మరిదిని మా క్రేన్ దగ్గరికే మార్చారు. పొద్దున క్యాబిన్ అద్దంలోంచి చూస్తే ఆయన పసుపు హెల్మెట్ సరిగ్గా కొక్కెం కిందే కనిపించింది. నా తప్పుడు లెక్క ఆయన నెత్తిన పడితే? పరీక్షకి ముందే మానేద్దామనుకున్నాను. ఆయనకి చెప్పలేదు. బళ్ళో అంతమందికి లెక్కలు చెప్తావు, నాకూ చెప్పగలవా? లేక మానేయమంటావా?

నీ పిచ్చుక

* * *

ఒసే పిచ్చుకా,

మానడం సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం. x అంటే మనకింకా తెలియని బరువు, అంతే. కొక్కెం ఎనిమిది మీటర్ల దూరంలో ఉందనుకో. ఎనిమిది x లు నూట ఇరవై. ఒక్క x ఎంత? నూట ఇరవైని ఎనిమిదికి పంచు. పదిహేను. అంతకు మించిన బరువు ఆ దూరంలో ఎత్తకూడదు. మనసులో కట్టకు, కాగితం మీద కట్టు. ఇంకోమాట, అర్థం కానప్పుడు తలూపకు. ప్రశ్నలడిగే పిల్లలతో నాకు బాధ లేదు, తలూపే పిల్లలంటేనే గుండె దడ.

అక్క

* * *

అక్కా,

నిన్న క్రేన్ ఆపేశాను. ఓడలోంచి వచ్చిన పెద్ద యంత్రాన్ని లారీలోకి ఎక్కించాలి. "పద్నాలుగు టన్నులు, దూరం ఎనిమిది. ఎత్తమ్మా" అన్నారు మేస్త్రీ కిందనుంచి వాకీటాకీలో. కాగితం మీద కట్టాను. హద్దు పదిహేను. కానీ గొలుసులు రెండు టన్నులుంటాయి, కలిపితే పదహారు. కింద మీ మరిది గొలుసు బిగిస్తున్నారు.

"ఎత్తను. కింద వాళ్ళని తప్పుకోమనండి" అన్నాను.

రేవులో పనంతా ఆగిపోయింది. మేస్త్రీ ఆయాసపడుతూ నిచ్చెనెక్కి వచ్చి, నా కాగితం చూశారు. "గొలుసులతో కలిపే పద్నాలుగు చెప్పానమ్మా. నువ్వు వాటిని రెండోసారి కలిపావు."

తలెత్తలేకపోయాను. "నాకు లెక్కలు రావండీ. ఇన్నాళ్ళూ ఊరికే తలూపాను. మానేస్తాను" అనేశాను.

"ఆ ముక్క ఇప్పుడా చెప్పడం?" అని పక్కనే చతికిలబడ్డారు. "మళ్ళీ కట్టు. నేను చూస్తుంటాను."

పద్నాలుగు ఎనిమిదులు నూట పన్నెండు. అప్పుడు ఎత్తాను. యంత్రం సరిగ్గా లారీలో కూర్చుంది.

ఇంటికొచ్చి మీ మరిదికి అంతా చెప్పేశాను, మానేద్దామనుకున్న సంగతితో సహా. కోప్పడతారనుకున్నాను. ఆయనేమో మెల్లగా, "పైన కూర్చున్నవాళ్ళు ఏం లెక్క కడుతున్నారో, అసలు కడుతున్నారో లేదో నాకెప్పుడూ తెలీదు. రోజూ భయంతోనే గొలుసు తగిలిస్తాను. నీతో అనలేదంతే" అన్నారు.

భయం పోలేదక్కా. పరీక్ష మాత్రం రాస్తాను. ఈసారి లెక్కలు కాస్త ఎక్కువ పంపు. ఒక్కో లెక్కనీ రెండు కాగితాల మీద రాసి పంపు. ఆయనా కడతారట.

నీ పిచ్చుక