పళ్ళ కుర్చీ పాడుకున్న రారాజు

మా అక్క కొడుక్కి, ఫోనులో నా మాట సగంలోనే తుంచేసే పెద్దమనిషికి, పిన్ని ఆశీస్సులు.

ఉత్తరమే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నువ్వు మధ్యలో అడ్డురాలేవు కనక. మీ బాబాయి పోయి ఏడాది దాటింది. ఆయన ఊళ్ళో వాళ్ళందరి పళ్ళూ పీకిన కుర్చీ మాత్రం వీధి గదిలోంచి కదలనంటోంది. కింద ఇనుప దిమ్మ, పైన దీపం, పక్కన ఉమ్మడానికి పింగాణీ గిన్నె. నలుగురు మగాళ్ళు పట్టుకుంటేగాని లేవదు. ఆ గదేమో కుట్టుపని చేసే ఒకావిడకి అద్దెకిస్తానని మాటిచ్చాను. ఆవిడ తన మిషన్లు పెట్టుకోవాలి. "ఒకటో తారీకుకల్లా ఖాళీ కాకపోతే ఇంకో గది చూసుకుంటానండీ" అని మర్యాదగానే చెప్పింది. ఆ అద్దె రాకపోతే నాకు నెల గడవదు. అది నీకూ తెలుసు.

ఆన్‌లైన్ వేలంలో పెడితే ఎగబడి కొంటారన్నావు. నా పేరున ఖాతా నువ్వే తెరిచావు, ఫోటోలు నువ్వే తీశావు, వచ్చినదాంట్లో పదో వంతు నీదన్నావు. సరేనన్నాను. ఎవరో పళ్ళ డాక్టరమ్మ నలభై వేల దాకా పాడితే, 'రారాజు' అని పేరు పెట్టుకున్న మహానుభావుడు ఒక్క గెంతులో అరవైకి వెళ్ళి పాడేసుకున్నాడు. సంబరపడి అందరికీ చెప్పుకున్నాను కూడా. ఇప్పటిదాకా పైసా రాలేదు. నేనేం చెయ్యాలో చెప్పు.

ఉంటాను,
పిన్ని

తా.క.: ఆ పింగాణీ గిన్నెలో పూలు పెట్టి ఫోటో తీశావేమిట్రా? అందులో జనం ఏం చేసేవారో కొనేవాడికి తెలిస్తే ఏమైపోతాడు?

*

పిన్నికి నమస్కారాలు.

నువ్వు అనవసరంగా కంగారుపడుతున్నావు. ఆన్‌లైన్‌లో ఇలాంటివాళ్ళు కోకొల్లలు. సరదాకి పాడేస్తారు, గెలిచాక మొహం చాటేస్తారు. వీళ్ళని దారికి తెచ్చే పద్ధతి వేరే ఉంది. ముందు మర్యాదగా గుర్తుచేస్తాం. పలక్కపోతే కంపెనీకి ఫిర్యాదు చేస్తాం. అప్పటికీ కట్టకపోతే సరుకు మళ్ళీ వేలంలో పెడతాం. నువ్వు యాప్‌లో రారాజుకి ఓ సందేశం పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను. ఈ విషయాల్లో మా ఆఫీసులో అందరూ నన్నే అడుగుతారు.

ఒక్క మాట. జాలిపడి ఆ డాక్టరమ్మకి నలభైకి ఇచ్చేసేవు! అరవై పలికిన వస్తువు పిన్నీ అది. మనం బెట్టు చెయ్యాలి.

నీ
అబ్బాయి

తా.క.: నా పదో వంతు అరవై మీద లెక్కకట్టు, నలభై మీద కాదు.

*

ఆఫీసులో అందరికీ సలహాలిచ్చే మా వాడికి, దీవించి రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే రెండోసారి వేలం పెట్టాం. మళ్ళీ అదే రారాజు! ఈసారి ఎనభై వేలు. పాత బాకీ తీర్చకుండా కొత్తది పాడుకున్నాడంటే వాడు గుండెలు తీసిన బంటు అయుండాలి. "నాయనా, డబ్బెప్పుడు పంపిస్తావు?" అని అడిగాను. "అమ్మా, పంటినొప్పితో మంచం దిగలేకపోతున్నాను. తగ్గగానే పంపిస్తాను" అని జవాబిచ్చాడు.

నిజం చెప్తున్నా, నా మనసు కరిగిపోయింది. నాకేమనిపిస్తోందంటే, వాడు కొత్తగా చదువు ముగించిన పళ్ళ డాక్టరు. సొంతంగా దుకాణం తెరుద్దామని ఆశ, చేతిలో డబ్బు ఆడదు, పైకి చెప్పుకోలేక ఏదో ఒక సాకు చెప్తున్నాడు. మీ బాబాయి కూడా మొదట్లో ఇలాగే అవస్థపడ్డారు. వెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించమని రాశాను. పోనీ, సగం ధరకి ఇచ్చేద్దామా?

డాక్టరమ్మ కూడా రాసింది. యాభై ఇచ్చి రేపే తీసుకెళ్తుందట. కుట్టుపనావిడ టేపు తెచ్చి గది కొలుచుకుని, కుర్చీ వంక గుర్రుగా చూసి వెళ్ళింది. ఏదో ఒకటి తేల్చు.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క.: ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నానని రారాజు జవాబిచ్చాడు. ఎంత వినయం! నువ్వు నా మాట ఎప్పుడైనా అలా విన్నావా?

*

అమాయకురాలైన మా పిన్నికి వంద నమస్కారాలు.

డాక్టరూ కాదు, దుకాణమూ కాదు. వాడు నీ చెవిలో పూలు పెడుతున్నాడు. ధర తగ్గిస్తానని పొరపాటున కూడా అనకు. ఇంకెప్పుడూ మన వేలంలోకి రాకుండా వాణ్ణి ఆపేశాను.

ఇక డాక్టరమ్మ సంగతి. నలభై అన్న మనిషి యాభైకి వచ్చిందంటే డెబ్భైకీ వస్తుంది. ఆవిడకి జవాబివ్వకు. కాస్త నాననీ. మూడోసారి పెడుతున్నాను. ఈసారి చూడు నా తడాఖా.

నీ
అబ్బాయి

తా.క.: కుట్టుపనావిడతో, నెలాఖరుకి గది అద్దంలా ఉంటుందని నా మాటగా చెప్పు.

*

మా అక్క కొడుక్కి, బరువెక్కిన గుండెతో పిన్ని రాస్తున్నది.

నీ తడాఖా చూశాను. డాక్టరమ్మ యాభై అయిదు దగ్గర ఆగిపోయింది. 'చక్రవర్తి' అట, ఇంకెవడో తొంభై వేలకి ఎగిరి పాడుకున్నాడు. నాకు ఒళ్ళు మండి, "నువ్వైనా డబ్బు కడతావా, లేకపోతే నువ్వూ ఆ రారాజు బాపతేనా? వాడికి సిగ్గూ శరం లేవు" అని కడిగిపారేశాను. దానికి ఏం జవాబొచ్చిందో తెలుసా?

"అమ్మా, నేను రారాజు తమ్ముణ్ణి. అన్నయ్య పోయాడు. ఆ కుర్చీ కొనాలన్నదే ఆయన ఆఖరి కోరిక. పుట్టెడు దుఃఖంలో ఉన్నాం, దయచేసి ఇప్పుడు డబ్బు అడగొద్దు."

ఒరేయ్, పోయిన మనిషిని పట్టుకుని సిగ్గూ శరం లేవన్నాను! అన్నం సయించలేదు. కూర్చుని ఏడ్చాను. పంటినొప్పితో మనిషి పోతాడా? చీము పట్టుంటుంది. మీ బాబాయి ఉంటే బతికించేవారు. నేను ఉప్పునీళ్ళతో సరిపెట్టాను చూడు, ఆ పాపం నాదే.

నేను వెళ్ళి ఆ అన్నదమ్ముల తల్లిని పలకరించి రావాలి. పాడుకున్నవాళ్ళు డబ్బు కట్టకపోతే వాళ్ళ చిరునామా అమ్మినవాళ్ళకి ఇస్తారట. కంపెనీకి రాసి అడిగాను. రాగానే బయల్దేరతాను.

దుఃఖంలో ఉన్న
పిన్ని

తా.క.: కుర్చీ వాళ్ళకి ఉత్తినే ఇచ్చేద్దామనుకుంటున్నాను. అందులో నీ పదో వంతు ఎంతవుతుందో నువ్వే చెప్పు.

*

పిన్నీ! నమస్కారం గిమస్కారం తర్వాత. ముందు ఇది చదువు.

వెళ్ళొద్దు! వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారని తెలిసింది. పైగా అతను పోయింది పంటినొప్పితో కాదట, ఏదో అంటురోగమట. ఈ వయసులో నీకెందుకు చెప్పు? కంపెనీకి పెట్టిన అర్జీ కూడా వెనక్కి తీసుకో. ఊరికే చిరునామాలు అడిగేవాళ్ళ ఖాతా మూసేస్తారు.

డాక్టరమ్మకి ఇవాళే ఫోన్ చెయ్యి. నలభైకైనా సరే, ముప్ఫైకైనా సరే, ఇచ్చెయ్యి. వస్తువులు మనవెంట వస్తాయా పిన్నీ?

నీ
అబ్బాయి

తా.క.: నా పదో వంతు నాకొద్దు. మన మధ్య డబ్బేమిటి?

*

దివంగతులైన రారాజుగారికీ, పుట్టెడు దుఃఖంలో ఉన్న తమ్ముడు చక్రవర్తిగారికీ, ఇద్దరి తరఫునా నాకు జవాబులు రాసిన మా అక్క కొడుక్కీ, ముగ్గురికీ కలిపి పిన్ని రాస్తున్న ఉత్తరం.

చిరునామా వచ్చింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే. నువ్వు అద్దెకుంటున్న మూడో అంతస్తు గది.

తిన్నగా మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను. "అక్కా, నీకు ఇంతమంది కొడుకులున్నారని నాకు మాటమాత్రమైనా చెప్పలేదేం? ఒకడు పోయాడటగా" అన్నాను. మొదట నవ్వింది. నీ జవాబులన్నీ చూపించాక నవ్వడం మానేసింది. ధర పెంచుదామని నువ్వే దొంగపేర్లతో పాడావు. డాక్టరమ్మ నీకంటే ఎక్కువ పాడుతుందనుకుని గెంతావు. ఆవిడ ఆగిన ప్రతిసారీ వేలం నీ మెడకే చుట్టుకుంది. ఈ తెలివితేటలేనా ఆఫీసులో అందరికీ పంచుతున్నావు?

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "మూడుసార్లు ఆశపెట్టారు. రాస్తే జవాబైనా ఇవ్వలేదు. వేరే కుర్చీ కొనుక్కున్నానండీ" అని పెట్టేసింది. నాకు తలకొట్టేసినట్టయింది. ధర సంగతి పక్కన పెట్టు. నన్ను ఏడిపించావు రా. మీ బాబాయి పోయిన ఇంట్లో కూర్చుని, అసలు పుట్టనే పుట్టని మనిషి కోసం ఏడ్చాను. ఆ ఉత్తరం చదువుతూ నువ్వు నవ్వుకునే ఉంటావు. అది మాత్రం నేను క్షమించలేదు. ఇప్పట్లో క్షమించను కూడా.

ఇక అసలు విషయం. పాడుకున్నవాడు డబ్బు కట్టాలి, సరుకు తీసుకెళ్ళాలి. బండి కొనుక్కుంటానని నువ్వు నెలనెలా మీ అమ్మ దగ్గర దాచుకున్న డబ్బులోంచి తొంభై వేలూ ఆవిడే నాకు కట్టింది. వద్దంటే వినలేదు. నిజానికి నేను వద్దనలేదు. లారీ కూడా మీ అమ్మే మాట్లాడింది. నువ్వు వదులుకున్న ఆ పదో వంతు లారీవాడికీ మోసేవాళ్ళకీ సరిపోయింది. మెట్లు ఇరుకని మీ ఇంటి ఓనరు సణిగితే, అవసరమైతే తలుపు చట్రం ఊడదీసుకోమనీ, ఆ ఖర్చు కూడా నీదేననీ మీ అమ్మే ఒప్పించింది. ఈ ఉత్తరం లారీవాడి చేతికే ఇస్తున్నాను. చదవడం అయ్యాక కిందికి దిగి ఓ చెయ్యి వెయ్యి.

వీధి గదిలో కుట్టుపనావిడ అప్పుడే పని మొదలుపెట్టింది.

ఇట్లు,
డబ్బు అందుకున్న అమ్మకందారు

తా.క.: కుర్చీ పెడితే మంచానికి చోటుండదేమోనని మీ అమ్మ కాస్త బెంగపడింది. మంచం లారీలో వెనక్కి పంపించెయ్యి. కుర్చీ బాగా వెనక్కి వాలుతుంది, పడుకోవచ్చు.