గా చీర మాట ఎత్తొద్దనుకున్న

తమ్ముడు నాగన్నకు గద్వాల నుంచి అన్న రాసేది.

ఈసారి గా పెండ్లిచీర మాట ఎత్తొద్దనుకొనే కార్డు ముందలేసుకున్న. ఒకే మగ్గం మీద చెరో దిక్కు కూసొని నేసినం, అంచు కలిపే కుట్టు తప్పింది. నువ్వొచ్చినప్పుడల్లా నా దిక్కే తప్పిందని నువ్వంటవు, పోగు నువ్వే సడలిచ్చినవని నేనంట. గంతల్నే నీ రైలు యాళ్లయితది. పదకొండేండ్ల సంది మనం రెండో మాటకు పోయింది లేదు.

"మొదటి మాట ఇడిసిపెట్టి మాట్లాడుకోండ్రి" అని మీ వదిన ఎన్నిసార్లు చెప్పింది! నిజమే. కాని నాగన్నా, పోగు సడలిచ్చింది నువ్వే. వాన తేమకు పట్టు సాగిందంటివి, మరి నా దిక్కు పట్టు ఎందుకు సాగలే?

చూసినవా, మళ్ల అదే రాసిన. కార్డు నిండొచ్చింది, మూలన గింత జాగనే మిగిలింది. పైన శ్రీ రాయలేదని నువ్వు చూసే ఉంటవు. మీ వదిన అనంతమ్మ మొన్న శుక్రారం పోయింది. మంచంల పడి నాలుగు దినాలు, మరిది వచ్చిండా అని అడిగింది.

గప్పుడే రాద్దమనుకున్న. ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వలే.