చివరి కుట్టు

నా టాబిథాకు, మంచుగడ్డల సముద్రం మధ్యనుంచి నీ అమోస్ ముద్దులతో రాసేది. నేనూ, నీ తమ్ముడు జెత్రో ఇక్కడ క్షేమం. విట్బీలో నువ్వూ, పాపా, మీ అమ్మా క్షేమంగా ఉన్నారనే నమ్మకంతో ఉన్నాను. జెత్రో ముక్కుకు చిన్న గాయం తప్ప మరేమీ లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందే కంగారు పడకు.

ఆఫ్రికా కొసన కేప్ రేవులో నీ ఉత్తరం అందింది. పాపకు పళ్ళు వస్తున్నాయని చదివి, ఇద్దరం ఓడంతా చాటింపు వేశాం. పులియబెట్టిన క్యాబేజీ తినకపోతే కెప్టెన్ కొరడాతో కొట్టిస్తాడట, నిజమేనా అని అడిగావు. నిజమే. ముక్కు మూసుకుని తింటున్నాం. మేం వెతికే ఆ కొత్త నేల దక్షిణాన కనబడిందా అనీ అడిగావు. ఉందో లేదో తేల్చుకునేదాకా కెప్టెన్ వెనక్కి తిరగడు. మాకు కనబడేది మాత్రం మంచే. మన కొండమీది చర్చి అంతేసి గడ్డలు పొగమంచులోంచి చప్పుడు లేకుండా మీదికొచ్చేస్తాయి. నాకు భయంగా ఉంది టాబీ. పట్టపగలే భయంగా ఉంది.

ఇక ముక్కు సంగతి. జెత్రో గడ్డకట్టిన తెరచాపను చుట్టడానికి పైకెక్కి, జారి నీళ్ళలో పడ్డాడు. పడవ దించి లాగేసరికి కొయ్యలా బిగుసుకుపోయాడు. వైద్యుడు ముక్కు దగ్గర అద్దం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. ఓడలో తెరచాపలు కుట్టేది నేనే కదా, పోయినవాళ్ళను సముద్రంలో దించేముందు గుడ్డలో కుట్టే పని కూడా నాదే. జెత్రో పడుకునే ఉయ్యాల గుడ్డలోనే వాడిని పెట్టి, మునగడానికి కాళ్ళ దగ్గర ఫిరంగి గుండ్లు ఉంచి, కిందినుంచి కుట్టుకుంటూ వచ్చాను. నువ్వు అల్లిన టోపీ వాడి తలకే ఉంచాను.

ఆఖరి కుట్టు ముక్కులోంచి వెయ్యాలి. ప్రాణం నిజంగా పోయిందో లేదో అప్పుడే తెలుస్తుందని పాతకాపులు అంటారు.

నీకు చెప్పకూడదనుకున్నది ఇదే. ఆ కుట్టు నేను వెయ్యదలచుకోలేదు. మీ అమ్మ ముద్దు పెట్టి పంపిన ముఖం అది. గడ్డం దగ్గరే ముడి వేసి, దారం తెంపబోయాను. మా మీద అజమాయిషీ చేసే సరంగు బర్నబీ చూశాడు.

"ఏరా అమోస్, ఆపేశావేం?"

"వాడు నా బామ్మర్దయ్యా. చేతులు రావట్లేదు."

"వస్తాయి. లేదంటే ఆ సూది ఇటియ్యి, నేనే పొడుస్తా."

ఆ మోటు చేతులకు వాడిని అప్పగించలేక, కళ్ళు మూసుకుని గుచ్చాను. గుడ్డలోంచి జెత్రో కెవ్వుమన్నాడు.

ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. "కన్నం ఎలాగూ పెట్టావు బావా, ముక్కుపోగు కూడా నువ్వే కొనిపెట్టాలి" అని నన్ను ఆటపట్టిస్తున్నాడు. అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రావడం లేదు. సరంగు ఆ క్షణాన అటు తిరిగి ఉంటే, నేను కట్టిన గుండ్లే వాడిని బతికుండగా అడుక్కి లాక్కుపోయేవి. నేను కుట్టిన గుడ్డలోనే వాడు కళ్ళు తెరిచేవాడు. సూది పట్టుకున్నప్పుడల్లా అదే కనబడుతోంది.

అందుకని జెత్రోకు కుట్టుపని నేర్పుతున్నాను. నాకేదైనా అయితే కుట్టేది వాడే. "నీ ముక్కు దుంపలా ఉంది బావా, సూది దిగదు" అన్నాడు మొదట. నేను నవ్వకపోయేసరికి, "నావల్ల కాదు బావా" అని ఏడ్చేశాడు. మాట ఇచ్చేదాకా వదల్లేదు. ఇచ్చాడు గానీ, వాడిదీ నీలాగే మెత్తని మనసు.

నేను పోయానని కబురొస్తే, నల్లబట్టలు కట్టుకునే ముందు జెత్రోను ఒక్కటే అడుగు, ఆఖరి కుట్టు వేశావా అని. వేశానంటే, అప్పుడు ఏడువు. వెయ్యలేకపోయానంటే వాడిని ఏమీ అనకు టాబీ. నేనూ వేసేవాడిని కాదు.

ఇట్లు,
నీ పెనిమిటి, జెత్రోకు బావ,
అమోస్